ఈనే పందికి ఏ గది మంచిది? ఇనుప బోను కొనే ముందు ఒక మాట

(తాండూరులో పందుల పెంపకం లబ్ధిదారుల అవగాహన సమావేశంలో జిల్లా సమాచార అధికారి ప్రసంగ పాఠం. ఫోన్‌లో దాచుకుని, గది కట్టేటప్పుడు మేస్త్రీకి కూడా చూపించండి.)

పెద్దేముల్, యాలాల, బషీరాబాద్ నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవాళ్లు ఉన్నారు. వికారాబాద్, ధారూర్ వైపు నుంచి బండ్ల మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. సాయంత్రం మేత వేళకు మీరంతా ఇంటికాడ ఉండాలి. అందుకే సూటిగా విషయానికి వస్తాను.

ముందే చెప్పాలి, నేను పశువుల డాక్టరును కాదు. జర్నలిజం చదువుకున్నాను. పథకాల గురించి రాసి మీకు పంపడం నా ఉద్యోగం. ఆ రాతలో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. ఇవాళ్టి మాట దానితోనే మొదలుపెడతాను.

ఇంతకుముందు వేరే చోట పనిచేసేటప్పుడు పందుల పెంపకం మీద ఒక కరపత్రం రాశాను. దానికి బొమ్మ కావాలి. నెట్‌లో వెతికితే ఇనుప బోనులో పడుకున్న తెల్ల పంది, పక్కన పాలు తాగుతున్న పది పిల్లలు కనిపించాయి. ఫొటో శుభ్రంగా ఉంది కదా అని పెట్టేశాను. కింద "ఆధునిక పద్ధతిలో ఈత గది" అని రాశాను. అంతే, నా పని అయిపోయిందనుకున్నాను.

ఆ కరపత్రం చూసి ఒక అక్క అప్పు డబ్బులోంచి కొంత తీసి, వెల్డింగ్ షాపులో అలాంటి బోనులు రెండు చేయించింది. కింద మన తాండూరు బండలే పరిపించింది. కడగడానికి సులువు కదా. డిసెంబరులో పంది ఈనింది. తొమ్మిది పిల్లలు పుట్టాయి. మూడో రోజుకు నాలుగు మిగిలాయి. నేను వెళ్లేసరికి ఆమె కోపంగా లేదు. కరపత్రం చేతిలో పట్టుకుని ఒక్క మాట అడిగింది: "సారూ, ఈ ఫొటోల పంది కింద ఏం పరిచిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. అది ఏ దేశం ఫొటోనో, అక్కడ కింద వేడి పలకలు ఉన్నాయో ఏమో నేను అడగనే లేదు. ఆ తర్వాత పశువైద్యులను అడిగాను, కొట్టాలు తిరిగాను, చదివాను. అలా తెలుసుకున్నదే ఇవాళ మీ ముందు పెడుతున్నాను.

చెప్పదలచింది ఒక్కటే. చిన్న రైతుకు ఈనే పంది కోసం ఇనుప బోను అక్కర్లేదు. పొడిగా, వెచ్చగా, తల్లి తిరగడానికి చోటున్న గది కావాలి. అందులో పిల్లలు మాత్రమే దూరే మూల ఒకటి కావాలి. దీనికి కావలసిన సామాను చాలావరకు మన చుట్టుపక్కలే దొరుకుతుంది.

పిల్లలు ఎందుకు చస్తాయి?

పుట్టిన పంది పిల్ల ఒకటి, ఒకటిన్నర కిలోలు ఉంటుంది. నాటు పంది పిల్ల ఇంకా చిన్నది. ఒంటి మీద సరైన వెంట్రుకలు ఉండవు, చర్మం కింద కొవ్వు ఉండదు. తల్లి కడుపులో 38, 39 డిగ్రీల వేడిలో పెరిగిన పిల్ల ఒక్కసారిగా చల్లని బండ మీద పడుతుంది. దానికి మొదటి రోజుల్లో 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. మన అనంతగిరి వైపు చలికాలం రాత్రి ఎట్లుంటదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

చలి పట్టిన పిల్ల ఏం చేస్తుంది? వెచ్చగా ఉన్న దగ్గరికి, అంటే తల్లి పక్కకు పోతుంది. నీరసంగా ఉంటుంది కాబట్టి తల్లి లేచి పడుకునేటప్పుడు తప్పుకోలేదు. దాని కింద నలిగిపోతుంది. పొద్దున చూసి "తల్లి తొక్కి చంపింది" అంటాం. నిజానికి ఆ పిల్లను సగం చంపింది చలి. చలికి వణికే పిల్ల పాలు సరిగా తాగదు. తాగని పిల్ల ఇంకా చల్లబడుతుంది. చలి, ఆకలి, నలిగిపోవడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఈ చావులు ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతాయి.

కాబట్టి గది కట్టేటప్పుడు మేస్త్రీని కాదు, ఆ మూడు రోజుల పిల్లను మనసులో పెట్టుకోండి.

తల్లికి ఏం కావాలి?

తల్లి సంగతి వేరు. దానికి 18 నుంచి 22 డిగ్రీలు హాయి. పందికి మనలా చెమట పట్టదు. ఎండ ఎక్కువైతే రొప్పుతుంది, మేత మానేస్తుంది, పాలు తగ్గుతాయి. మే నెలలో తాండూరు ఎండలో రేకుల కింద పంది పడే బాధ మీరు చూసే ఉంటారు. ఒకే గదిలో తల్లికి చల్లదనం, పిల్లలకు వెచ్చదనం కావాలి. అసలు చిక్కు ఇదే. గదంతా వేడి చేస్తే తల్లికి కష్టం. గదంతా చల్లగా ఉంచితే పిల్లలు దక్కవు. అందుకే పిల్లల మూల వేరుగా ఉండాలి.

ఇంకొకటి. ఈనడానికి ఒక రోజు ముందు నుంచి పంది గూడు కట్టుకోవాలని చూస్తుంది. గడ్డి నోట కరుచుకుని తెస్తుంది, కాలితో గీరుతుంది, గుండ్రంగా తిరుగుతుంది. నాటు పందులను పొదల్లో వదిలి పెంచిన మన పెద్దవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆ సమయంలో దాన్ని కదలకుండా బంధిస్తే బెదురుతుంది, ఇనుప కడ్డీలను కొరుకుతుంది. రెండు పిడికిళ్ల గడ్డి ఇచ్చి చూడండి, ఎంత నెమ్మదిస్తుందో.

ఇనుప బోను ఎక్కడి నుంచి వచ్చింది?

విదేశాల్లో వందల పందులను ఒకే కప్పు కింద ఇద్దరు ముగ్గురు కూలీలతో పెంచే ఫారాల కోసం ఈ బోనులు వచ్చాయి. తల్లి తిరగలేదు కాబట్టి పిల్లలు నలగడం తగ్గుతుంది. అది నిజం. కానీ ఆ ఫారాల్లో వేడి దీపాలు, వేడి పలకలు, ఆగని కరెంటు ఉంటాయి. మనం బోను ఒక్కటే తెచ్చుకున్నాం, మిగతావి తెచ్చుకోలేదు. పైగా బోను తెల్ల యార్క్‌షైర్ పంది కొలతకు చేస్తారు. మన సంకర జాతి పంది అందులో వదులుగా ఉండి అడ్డం తిరగబోయి ఇరుక్కుంటుంది.

ఈ బోనులు వచ్చిన దేశాల్లోనే కొన్ని వాటిని వదిలేశాయి. స్వీడన్ 1988లోనే ఈనే పందిని బోనులో బంధించవద్దని చట్టం చేసింది. స్విట్జర్లాండ్ కూడా తర్వాత అదే దారి పట్టింది. ఇంగ్లండులో చాలామంది రైతులు పొలంలో గడ్డి పరిచిన రేకు గుడిసెల్లో పందులను ఈనిస్తారు. మన దేశంలో కూడా 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, పశువు కదలడానికి తగిన చోటు లేని బోనులో దాన్ని ఉంచడం నేరమని 11వ సెక్షన్‌లో చెబుతుంది.

మనకు పనికొచ్చే పద్ధతులు రెండు ఉన్నాయి.

మొదటి పద్ధతి: కొట్టంలో 8 బై 10 గది

ఒక్కో తల్లికి 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉన్న గది సరిపోతుంది. కొలతలు రాసుకోండి.

గోడ: 4 అడుగుల ఎత్తు చాలు. మన దగ్గర క్వారీల్లో ముక్క బండలు దొరుకుతాయి. వాటిని నిలబెట్టి గోడ చేసుకోవచ్చు. పైన ఖాళీ వదలండి, గాలి ఆడాలి. చలికాలం రాత్రి ఆ ఖాళీకి గోనె సంచుల పరదా కట్టండి, పగలు ఎత్తేయండి.

కప్పు: కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువ వస్తుంది. అంచు దగ్గర కనీసం 7 నుంచి 8 అడుగుల ఎత్తు ఉండాలి. రేకు వేస్తే ఎండాకాలం దాని మీద జొన్న సొప్ప గానీ, వరిగడ్డి గానీ కప్పండి.

నేల: ఇక్కడే జాగ్రత్త. తాండూరు బండ మనకు గర్వమే, దేశమంతా పరుస్తున్నారు. కానీ నున్నటి బండ తడిస్తే జారుతుంది, చలికి మంచులా ఉంటుంది. జారి పడిన తల్లి పిల్లల మీదే పడుతుంది. బండ పరచాలంటే పాలిష్ లేనిదే పరచండి, అడ్డంగా గాట్లు కొట్టించండి. లేదంటే గరుకు కాంక్రీటు వేయండి. గట్టిగా దిమ్మిస చేసిన మొరం నేల కూడా పనికొస్తుంది, కాకపోతే తరచూ సరిచేసుకోవాలి. 10 అడుగుల పొడవుకు 3 అంగుళాల వాలు ఇస్తే మూత్రం, నీళ్లు ఒక పక్కకు పోతాయి.

పరుపు: నేల ఏదైనా దాని మీద గడ్డి ఉండాల్సిందే. పొడి వరిగడ్డిని జానెడు కన్నా పొట్టిగా కత్తిరించి పరచండి. పొడుగు గడ్డి పిల్లల కాళ్లకు చుట్టుకుంటుంది. వేరుశనగ పొట్టు కూడా మంచిదే. కంది కట్టె పరుపుగా వద్దు, పొదుగుకు గుచ్చుకుంటుంది. దాన్ని తడకలకు, పరదాలకు వాడుకోండి. తడిసిన గడ్డి రోజూ తీసి కొత్తది వేయండి. తడి గడ్డి కన్నా గడ్డి లేకపోవడమే నయం.

అడ్డ కడ్డీ: అన్నిటికన్నా తక్కువ ఖర్చు, ఎక్కువ లాభం దీనివల్లే. గది లోపల మూడు గోడల వెంట ఒక పైపు గానీ గట్టి కట్టె గానీ బిగించండి. నేల నుంచి 8 నుంచి 10 అంగుళాల ఎత్తులో, గోడ నుంచి 8 నుంచి 10 అంగుళాల దూరంలో ఉండాలి. తల్లి గోడకు ఆనుకుని జారి పడుకునేటప్పుడు ఆ కడ్డీ ఆపుతుంది. గోడకూ తల్లికీ మధ్య ఇరుక్కునే పిల్ల ఆ సందులోంచి తప్పించుకుంటుంది.

పిల్లల మూల: గదిలో ఒక మూల 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల పొడవు చోటును కట్టెలతో అడ్డం కట్టండి. పిల్లలు దూరేలా కింద అడుగు ఎత్తు సందు వదలండి. తల్లి తల దూరకూడదు. పైన చెక్క గానీ గోనె సంచి గానీ మూతలా పెట్టండి, వేడి పైకి పోకుండా ఉంటుంది. అందులో గడ్డి మందంగా వేయండి.

వేడి దీపం: ఇప్పుడు అందరి ఇళ్లలో ఎల్‌ఈడీ బల్బులే. అవి వెలుగిస్తాయి, వేడి ఇవ్వవు. పాత రకం 100 వాట్ల బల్బు గానీ, కోడి పిల్లలకు పెట్టే ఎర్ర దీపం గానీ కావాలి. గడ్డికి అడుగున్నర నుంచి రెండడుగుల ఎత్తులో వేలాడదీయండి. వైరుతో వేలాడదీయకండి, విడిగా గొలుసు కట్టండి. చుట్టూ జాలీ పెట్టండి. దీపం తెగి గడ్డి మీద పడితే కొట్టమే పోతుంది. కరెంటు లేని చోట మూత, పరదా, మందమైన గడ్డి ఉంటే పిల్లలు ఒకదాన్నొకటి ఆనుకుని వెచ్చగా ఉంటాయి.

వేడి సరిపోయిందో లేదో తెలియడానికి మీటరు అక్కర్లేదు, పిల్లలను చూడండి. కుప్పగా ఒకదానిపై ఒకటి పడుకుంటే చలి వేస్తున్నట్టు. దీపానికి దూరంగా పోయి పడుకుంటే వేడి ఎక్కువైనట్టు. పక్కపక్కన పరుచుకుని హాయిగా పడుకుంటే సరిపోయినట్టు.

రెండో పద్ధతి: పొలంలో గుడిసె

చెలక పక్కన జాగా ఉన్నవాళ్లకు ఇది. ఒక్కో తల్లికి ఒక చిన్న గుడిసె, చుట్టూ తిరగడానికి కంచె వేసిన జాగా. ఇంగ్లండులో రేకు గుడిసె నడుస్తుంది, మన ఎండకు అది పొయ్యి అవుతుంది. మనకు బొంగులు, తడకలు, పైన గడ్డి కప్పే మంచిది. గుడిసె లోపల కూడా అడ్డ కడ్డీ ఉండాలి, గడ్డి ఉండాలి. గుమ్మం పడమటి వానగాలికి ఎదురుగా పెట్టకండి. చుట్టూ రాతి కడీలు పాతి జాలీ కడితే కుక్కలు రావు. చెట్టు నీడ ఉంటే ఇంకా మంచిది.

లాభం ఏమిటంటే, ఖర్చు తక్కువ, మట్టిలో ముట్టె పెట్టి తవ్వే పిల్లలకు కొంత ఇనుము మట్టి నుంచే అందుతుంది, పేడ పొలంలోనే పడుతుంది. నష్టం ఏమిటంటే, వానాకాలం నల్లరేగడి బురద. అప్పుడు గుడిసె ఎత్తు మీద ఉండాలి, చుట్టూ కాలువ తీయాలి. ప్రతి ఈతకూ గుడిసె చోటు మార్చాలి. అదే చోట మళ్లీ మళ్లీ ఈనిస్తే పురుగులు, రోగాలు నిలిచిపోతాయి. రాత్రి కాపలా పెట్టలేనివాళ్లు ఈ పద్ధతి జోలికి పోకండి.

ఎన్ని గదులు కావాలి?

పది పందులుంటే పది ఈత గదులు కట్టాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు. లెక్క చూడండి. ఈనడానికి వారం ముందు తల్లిని గదిలోకి తెస్తాం. పిల్లలు పాలు మానడానికి 6 నుంచి 8 వారాలు. ఖాళీ అయ్యాక కడిగి, సున్నం కొట్టి, వారం ఆరబెట్టాలి. మొత్తం దాదాపు 10 వారాలు. ఏడాదికి 52 వారాలు, అంటే ఒక్క గదిలో ఏడాదికి 5 ఈతలు.

ఒక పంది ఏడాదికి రెండు సార్లు ఈనుతుందనుకుంటే, 5 పందులకు 10 ఈతలు, 2 గదులు చాలు. 10 పందులకు 20 ఈతలు, 4 గదులు చాలు. ఒక్కటే షరతు, అన్నిటినీ ఒకే నెలలో ఈననివ్వకండి. మగ పందితో దాటించిన తేదీ గోడ మీద బొగ్గుతో అయినా రాయండి. అక్కడి నుంచి 114 రోజులు, అంటే 3 నెలలు, 3 వారాలు, 3 రోజులు. డిసెంబరు 1న దాటితే మార్చి 25 ప్రాంతంలో ఈనుతుంది. మార్చి 18కే గది సిద్ధంగా ఉండాలి.

ఈనే రోజు, తర్వాత మూడు రోజులు

ఈనడానికి రెండు వారాల ముందు డాక్టరును అడిగి నట్టల మందు వేయించండి. గదిలోకి తెచ్చే రోజు తల్లిని గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడగండి, పొదుగు శుభ్రంగా ఉండాలి. చన్ను నొక్కితే పాలు వస్తున్నాయంటే ఒక రోజులో ఈనుతుందని గుర్తు.

పుట్టిన ప్రతి పిల్లనూ పొడి గుడ్డతో తుడవండి. ముక్కు, నోరు శుభ్రం చేయండి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పెట్టండి. వెంటనే చన్ను అందించండి. ముర్రుపాలు మొదటి 6 గంటల్లో తాగాలి. ఒక రోజు దాటితే ఆ పాలలోని రోగ నిరోధక శక్తి పిల్ల ఒంటికి పట్టదు. చిన్న పిల్లను ముందు చన్నుల దగ్గర పెట్టండి, అక్కడ పాలు ఎక్కువ.

పిల్లకూ పిల్లకూ మధ్య సాధారణంగా 15, 20 నిమిషాలు పడుతుంది. తల్లి ముక్కుతూ గంట దాటినా పిల్ల రాకపోతే చెయ్యి పెట్టకండి, 1962కు ఫోన్ చేయండి. అది సంచార పశువైద్య వాహనం నంబరు, డబ్బు పడదు. ఈనిన తల్లి మేత ముట్టకపోయినా, పొదుగు గట్టిపడి వేడిగా ఉన్నా వెంటనే చూపించండి.

పాలు తాగిన ప్రతిసారీ పిల్లలను తీసి వాటి మూలలో పెట్టండి. ఒక రోజు అలా చేస్తే రెండో రోజు నుంచి అవే పోతాయి. బండ, కాంక్రీటు మీద పెరిగే పిల్లలకు మూడో రోజు ప్రాంతంలో ఇనుము ఇంజెక్షన్ తప్పనిసరి. ఎంత మోతాదో డాక్టరే చెప్పాలి.

పథకాల్లో ఈ గదికి దారి ఎక్కడ?

ఉపాధి హామీ: కోళ్లు, మేకలు, పశువుల కొట్టాలతో పాటు పందుల కొట్టం కూడా ఈ చట్టం అనుమతించిన పనుల జాబితాలో ఉండేది, ఇప్పుడూ ఉందో లేదో పంచాయతీలో అడగండి. ఎస్సీ, ఎస్టీ, సంచార, విముక్త జాతుల కుటుంబాలు, దారిద్య్ర రేఖకు దిగువన ఉన్నవాళ్లు, మహిళలు లేదా దివ్యాంగులు ఇంటిపెద్దగా ఉన్న కుటుంబాలు, చిన్న, సన్నకారు రైతులు అడిగే వీలుండేది. జాబ్ కార్డు ఉండాలనీ, ఆ పనిలో ఇంట్లో ఒకరైనా పనిచేయాలనీ నియమం ఉండేది. గ్రామసభలో మీ పేరు చెప్పి రాయించండి. మంజూరు కాకముందు గునపం పెట్టకండి, ముందే కట్టిన దానికి డబ్బు రాదు. పని మొదలుకాక ముందు, మధ్యలో, అయ్యాక ఫొటోలు తీస్తారు. ఎస్టిమేట్ వేసేటప్పుడే అడ్డ కడ్డీ, పిల్లల మూల, నేల వాలు అందులో రాయమని ఇంజినీరును అడగండి. తర్వాత అడిగితే ఎవరి చేతిలోనూ ఉండదు.

జాతీయ పశుసంపద మిషన్: 100 ఆడ పందులు, 10 మగ పందుల యూనిట్‌కు పెట్టుబడిలో 50 శాతం, గరిష్ఠంగా 30 లక్షల సబ్సిడీ ఇస్తుంది. సబ్సిడీ రెండు విడతలుగా వస్తుంది. భూమి కొనడానికి ఇవ్వరు. దరఖాస్తు ఆన్‌లైన్‌లో ఉద్యమిమిత్ర పోర్టల్‌లో చేయాలి. ఇది పెద్ద యూనిట్. మూడు నాలుగు పందులున్న ఇల్లు ఒంటరిగా దీనికి పరుగెత్తి అప్పులో పడొద్దు. సంఘంగా, రైతు ఉత్పత్తిదారుల సంస్థగా కలిసి ఆలోచించండి.

ఎరుకల కుటుంబాలకు: రాష్ట్ర ప్రభుత్వం 2023లో ఎరుకల సాధికారత పథకం ప్రకటించింది. ట్రైకార్ ద్వారా పందుల పెంపకానికి సాయం అందులో ఉంది. దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా గిరిజన సంక్షేమ కార్యాలయంలో మీరే అడగండి, మధ్యవర్తిని నమ్మకండి.

కిసాన్ క్రెడిట్ కార్డు: 2019 నుంచి పశుపోషణకూ ఇస్తున్నారు, పందులకు కూడా. దాణా, మందుల ఖర్చుకు వాడుకోవచ్చు. 2 లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం తగ్గుతుంది. ఈ డబ్బును గోడలకు పెట్టకండి, మేతకు ఇబ్బంది పడతారు.

ఈ పథకాల్లో ఏ కాగితంలోనూ ఇనుప బోను పెడితేనే డబ్బు అనే మాట నాకు కనిపించలేదు. ఎవరైనా "బోనులు కొంటేనే సబ్సిడీ" అంటే ఆ మాట రాసి ఇమ్మనండి.

ఇరుగుపొరుగు మాట

ఒక కష్టమైన సంగతి కూడా మాట్లాడుకుందాం. పంది అనగానే ముఖం తిప్పుకునేవాళ్లు ఉన్నారు. వీధుల్లో తిరిగే పందుల మీద పంచాయతీకి, మున్సిపాలిటీకి ఫిర్యాదులు వస్తాయి. ఆ మాటలు మీకే తగులుతాయి. 2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు 90 లక్షల చిల్లర, అంతకుముందు 2012 లెక్కతో పోలిస్తే 12 శాతం తగ్గాయి. తరాలుగా ఈ పని తెలిసిన కుటుంబాలు దీన్ని వదిలేస్తున్నాయి. చూడి పంది వీధిలో తిరిగి ఎక్కడో ఈనకుండా మీ గదిలో ఈనితే పిల్లలు దక్కుతాయి, ఫిర్యాదూ ఉండదు. గది ఇళ్లకు, బావికి దూరంగా ఉండాలి. పేడకు గుంత తీయండి, నీరు నిలవనివ్వకండి. దోమల ద్వారా పంది నుంచి మనిషికి వచ్చే మెదడువాపు జ్వరం మన పిల్లలకే ప్రమాదం.

ఇంకో జాగ్రత్త. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో మన దేశంలోకి వచ్చింది. మనుషులకు సోకదు, కానీ పందులకు మందు లేదు. హోటల్ మిగులు పెట్టేవాళ్లు బాగా ఉడికించి, చల్లార్చి పెట్టండి. కొత్తగా కొన్న పందిని నెల రోజులు వేరుగా ఉంచండి. ఈత గదిలోకి బయటివాళ్లను చెప్పులతో రానివ్వకండి.

మీరు అడిగిన ప్రశ్నలు

"ఇప్పటికే బోను చేయించినం, ఏం చేయాలె?" పారేయకండి. ఇందాక చెప్పిన అక్క ఆ పైపులనే కోయించి గోడల వెంట అడ్డ కడ్డీలుగా బిగించుకుంది. బోను పక్క చట్రం పిల్లల మూలకు తలుపయింది. తర్వాతి ఈతకు గడ్డి పరిచింది, దీపం పెట్టింది, రెండు రాత్రులు మేల్కొంది. ఆ ఈతలో పోయింది ఒక్క పిల్లే.

"గడ్డి కొనాల్సి వస్తది, ఖర్చు కాదా?" అవుతుంది. మీ సంతలో రెండు నెలల పిల్ల ధర ఎంతో మీకే తెలుసు. ఈతకు రెండు పిల్లలు ఎక్కువ దక్కితే ఎంత? దాని పక్కన గడ్డి మోపుల ఖర్చు పెట్టి చూడండి.

"మొదటిసారి ఈనే పంది పిల్లలను కరుస్తది, బంధించొద్దా?" బెదిరిన పంది అలా చేస్తుంది. వారం ముందే గది అలవాటు చేయండి, గడ్డి ఇవ్వండి, రోజూ మేత పెట్టే మనిషే దగ్గర ఉండాలి. అయినా కరిస్తే అన్నీ పుట్టేదాకా పిల్లలను మూలలో ఉంచి, అది నెమ్మదించాక పాలకు వదలండి. తగ్గకపోతే డాక్టరును పిలవండి.

చివరగా, ఇవాళ ఇంటికి పోయి ఒక్క పని చేయండి. చీకటి పడ్డాక మీ కొట్టంలో పంది పడుకునే చోట అరచేయి ఆనించి, వంద లెక్కపెట్టండి. మీ చేయి చల్లబడితే అక్కడ పిల్ల బతకదు. గోడలు, రేకుల సంగతి తర్వాత. ముందు ఆ చోట పొడి గడ్డి పరచండి.

ఆ అక్క ప్రశ్నకు ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. మీలో ఎవరికైనా ఇలాంటి ప్రశ్న ఉంటే గది కట్టక ముందే అడగండి, మీ మండల పశువైద్యులను అడగండి, నన్నూ అడగండి. ఈ కాగితంలో బోను ఫొటో లేదు. కొలతలు మాత్రమే ఉన్నాయి. మీ సంఘం గ్రూపుల్లో పంపండి, చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.